మ్యాప్ గీయడం ఇల్లాలి పని కాదా?

ఈసారి కాస్త ఘాటుగానే రాస్తున్నాను. పచ్చళ్ల గురించో, పిల్లల పరీక్షల గురించో చదువుదామని వచ్చినవాళ్లు ఏమీ అనుకోకండి. ఇది కూడా ఇంటి సంగతే. ఇంటికి దారి ఎటు అన్న సంగతి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫోన్లలో, కంప్యూటర్లలో కనిపించే మ్యాపులను తయారుచేసే విద్యను పట్నం కాలేజీల్లో ఇంజనీరింగ్ పిల్లలకు నేర్పి చేతులు దులుపుకుంటే చాలదు. ఆ వర్క్‌షాపులు మండలాల గ్రంథాలయాలకు రావాలి. తెలుగులో జరగాలి. ముందు వరుసలో ఆడవాళ్లను కూర్చోబెట్టాలి. "మీకెందుకమ్మా అవన్నీ, ఫోన్‌లో అంతా ఉంది కదా" అనే పెద్దమనుషులకు ఇదే నా జవాబు.

అంతా ఉందా? ఏదీ, ఒకసారి ఫోన్ తీయండి. మెయిన్ రోడ్డు ఉంటుంది, బ్యాంకు ఉంటుంది, పెట్రోలు బంకు ఉంటుంది. దూరాల నుంచి జనం వచ్చే మా బడాపహాడ్ దర్గా ఉంటుంది. మరి క్యాంపులో రెండో గల్లీ ఉందా? అంగన్‌వాడీ ఉందా? కాలువ దాటడానికి సైకిలు మాత్రమే పట్టే చిన్న వంతెన ఉందా? కొనేవాడికీ అమ్మేవాడికీ కావలసినవి మ్యాపులోకి ముందు ఎక్కుతాయి. మనకు రోజూ కావలసినవి ఆఖరున ఎక్కుతాయి, లేదా అసలు ఎక్కవు.

మా వర్ని ప్రాంతం తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్లు పారాక, కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి ఇక్కడ భూములు చేసుకున్నారు. పొలాల దగ్గర, కాలువల వెంట వాళ్లు వేసుకున్న ఇళ్లే క్యాంపులయ్యాయి. పాత ఊళ్లు, క్యాంపులు, తండాలు అన్నీ కలిస్తేనే మా మండలం. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టినప్పుడు బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి వెళ్లింది, వర్ని నిజామాబాద్‌లోనే ఉండిపోయింది. ఓటు మాత్రం ఇప్పటికీ బాన్సువాడ నియోజకవర్గంలోనే. ఆ తర్వాత మండలాలు కూడా ముక్కలయ్యాయి. పెళ్లి శుభలేఖ మీద అడ్రసు రాయాలంటే మా ఇళ్లలో ఇప్పటికీ ఒక పూట చర్చ నడుస్తుంది. ఇన్ని మార్పులను బయటివాళ్లెవరో వచ్చి సరిగ్గా రాసిపెడతారని కూర్చుందామా?

కిందటేడు మా దగ్గర ఒక అమ్మాయికి రాత్రిపూట నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు బయలుదేరింది, ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూనే వచ్చింది. వచ్చి కాలువకు అవతలి గట్టున ఆగింది. ఇల్లు ఎదురుగా కనిపిస్తోంది, మధ్యలో నీళ్లు. డ్రైవరు తప్పేమీ లేదు, అతను మ్యాప్ చెప్పినట్టే వచ్చాడు. మా అత్తమ్మ ఫోన్ లాక్కుని, "బిడ్డా, బండి మళ్లియ్యి. తూము దాటినంక చింతచెట్టు వస్తది, ఆడ ఎడమకు తిరుగు" అని చెప్పింది. బండి వచ్చింది, తల్లీబిడ్డా క్షేమం. ఆ రాత్రి దారి చూపింది ఉపగ్రహం కాదు, మా అత్తమ్మ. మరి అత్తమ్మ నిద్రలో ఉంటే? ఆమెకు తెలిసిన దారి ఆమెతోనే పోవాలా?

ఉపగ్రహాన్ని తక్కువ చేయడం లేదు. ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది, ఉపగ్రహ చిత్రాలను అందుకునే స్టేషను షాద్‌నగర్‌లో ఉంది. 2009లో వాళ్లు తెచ్చిన భువన్‌లో మన ఇంటి కప్పును మనమే చూసుకోవచ్చు. కానీ ఉపగ్రహం చూసేది కప్పునే. ఆ కప్పు కింద బడి ఉందో, ఎరువుల గోదాము ఉందో దానికేం తెలుసు? అది తెలిసిన మనిషి కింద ఉంది. రోజూ ఆ వీధిలో పాలకూ, రేషనుకూ, పిల్లలను బడిలో దింపడానికీ తిరిగే మనిషి.

పేరు రాసే హక్కు చిన్న విషయం కాదు. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే దాదాపు 78వ రేఖాంశం వెంబడి ఉత్తరాదికి సాగింది. మన నిజామాబాద్ ఉన్నదీ ఆ రేఖాంశం దగ్గరే. కొలతలు ఎవరి కోసం? పాలించడానికీ, పన్నులకూ, సైన్యాలకూ. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం ఎత్తును లెక్కకట్టినవాడు రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ. శిఖరానికి పెట్టింది మాత్రం ఎవరెస్ట్ దొర పేరు. లెక్క మనది, పేరు వాళ్లది. ఆ దొరలు పోయారు కానీ అలవాటు పోలేదు. మన ఊళ్ల పేర్లు ఇప్పటికీ ముందు ఇంగ్లీషులో ఎక్కి, అక్కడి నుంచి తెలుగులోకి దిగుతున్నాయి. ఆ దిగుడులో ణకారం నకారమవుతుంది, ళకారం లకారమవుతుంది, దీర్ఘాలు ఎగిరిపోతాయి. 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అని సామెత. మన దగ్గర ఊరు బాగానే ఉంది, పేరే దిబ్బలో పడింది.

ఒకప్పుడు మ్యాపులు చేయాలంటే సర్కారు అనుమతులు కావాలి. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం ఆ నిబంధనలను చాలావరకు ఎత్తేసింది. అంతకు ముందునుంచే, 2004లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనేది ఒకటుంది. వికీపీడియాలో ఎవరైనా వ్యాసం రాయవచ్చు కదా, ఇందులో ఎవరైనా తమ వీధిని గీయవచ్చు. మా అమ్మాయి పట్నంలో తన కాలేజీ వర్క్‌షాపులో నేర్చుకుని, దసరా సెలవులకు వచ్చినప్పుడు నాకు నేర్పింది. రెండు గంటలు పట్టింది. అందులో ఉన్నవి మూడే: ఒక చోటుకు చుక్క, ఒక దారికి గీత, ఒక చెరువుకో ఇంటికో చుట్టూ గీసే హద్దు. గీసిన ప్రతిదానికీ అదేమిటో, పేరేమిటో గడుల్లో రాయాలి. వేరే మ్యాపులో చూసి కాపీ కొట్టకూడదు, మన కళ్లతో చూసినదే రాయాలి. ముగ్గు వేసే చేతికి ఇదేమంత కష్టం కాదు. బీఏ తెలుగు చదివిన నాకు అన్నిటికన్నా నచ్చింది, తెలుగు పేరు రాయడానికి వేరే గడి ఉండటం. ణకారం ఉన్నచోట ణకారమే పెట్టాను.

ఆడవాళ్లు లేకపోతే ఏమవుతుందో చెప్పే సంగతి ఒకటి ఉంది. ఆ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. 2011లో పసిపిల్లలను చూసుకునే కేంద్రాలకు ప్రత్యేకంగా ఒక గుర్తు పెడదామని ప్రతిపాదన వస్తే, ఓటింగులో అది నెగ్గలేదు. బార్లకు ఒకటి, పబ్బులకు ఒకటి, నైట్‌క్లబ్బులకు ఒకటి గుర్తులున్న చోట! వాళ్లు చెడ్డవాళ్లని అనను. పిల్లను చంకనేసుకుని తిరిగే అవసరం ఎరగనివాళ్లు, అంతే. గది నిండా వాళ్లే ఉంటే నిర్ణయాలు అలాగే ఉంటాయి.

ఉంటే ఏమవుతుందో కూడా చూడండి. టాంజానియాలో 2015 నుంచి క్రౌడ్‌టుమ్యాప్ అనే బృందం పల్లెలను మ్యాపులోకి ఎక్కిస్తోంది. అక్కడ ఆడపిల్లలకు జననాంగాలను కోసే దురాచారం ఉంది. దాన్నుంచి తప్పించుకునే పిల్లలను కాపాడి ఆశ్రయ గృహానికి చేర్చేవాళ్లకు ఆ మ్యాపులే దారి చూపాయి. మ్యాప్ అంటే పిజ్జా తెప్పించుకోవడానికి మాత్రమే కాదు.

అంత దూరం ఎందుకు? 2025 ఆగస్టు చివర్లో పక్కనే కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కురిసిన వాన మరిచిపోయారా? రోడ్లు తెగాయి, ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. ఏ కల్వర్టు మునిగితే ఏ తండాకు దారి పోతుందో, ఏ బడి మిద్దె మీదికి ఎక్కితే నీళ్లు అందవో అక్కడి ఆడవాళ్లను అడిగితే నిమిషంలో చెబుతారు. ఆ మాట వాన రాకముందే మ్యాపులో ఉండాలి.

గ్రంథాలయమే ఎందుకంటారా? అది మన డబ్బుతో నడుస్తుంది కాబట్టి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. పైగా మన తెలంగాణలో గ్రంథాలయం ఏనాడూ ఉత్త పుస్తకాల బీరువా కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టింది తెలుగు మాటకు చోటులేని రోజుల్లో ఆ చోటు చేయడానికే. ఆనాడు అక్షరం నేర్పడం ఎంత అవసరమో, ఈనాడు మ్యాపు నేర్పడం అంత అవసరం. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలను లేవమనడం లేదు. నెలకు ఒక పూట, పదకొండు నుంచి ఒంటిగంట దాకా, ఒక కంప్యూటరు, నెట్టు, నేర్పడానికి ఒక డిగ్రీ విద్యార్థి. అడుగుతున్నది ఇంతే. ఆ వేళే ఎందుకంటే, పిల్లలు బడికి వెళ్లాక మనకు దొరికే వేళ అదే. సాయంత్రం ఆరింటికి పెట్టి "ఆడవాళ్లు రాలేదు" అని రాసుకోవడం తెలివి కాదు.

అభ్యంతరాలు నాకూ తెలుసు. మా ఆయనే అన్నారు, "ఇంటి వివరాలన్నీ లోకానికి చెప్పడమెందుకు" అని. చెప్పనక్కర్లేదు. ఫలానా ఇంట్లో ఫలానా మనిషి ఉన్నాడని రాయడం ఆ మ్యాపు నియమాలకే విరుద్ధం. రాసేది దారులు, బడులు, బావులు, వంతెనలు.

మా పిన్ని అడిగినది ఇంకా గట్టి ప్రశ్న: "ఇంట్లో చేసే చాకిరీకే జీతం లేదు, ఇప్పుడు ఊరికి కూడా ఊరికే చెయ్యాల్నా? లాభం కంపెనీలకా?" నిజమే. ఆ మ్యాపును మెటా, అమెజాన్, ఆపిల్ లాంటి పెద్ద పెద్ద కంపెనీలే వాడుకుంటున్నాయి. కానీ వాళ్లు వాడుకున్నంత మాత్రాన అది వాళ్ల సొత్తు కాదు. దాని లైసెన్సు ప్రకారం అది అందరిదీ. ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పి తీరాలి, తీసుకుని తాళం వేసుకోవడానికి వీల్లేదు. జీతం మాటకొస్తే, నేర్చుకునే పూట మనది. పంచాయతీకో ప్రభుత్వానికో మండలమంతా గీసిపెట్టమంటే మాత్రం కూలి కట్టాల్సిందే. మహిళా సంఘాల ద్వారా ఇవ్వండి, లెక్క రాసుకుంటాం. సేవ అన్న మాట ఆడవాళ్ల దగ్గరే ఎందుకు గుర్తొస్తుందో అడగడం కూడా నేర్చుకుందాం.

గ్రంథాలయానికి ఇవ్వాల్సిన దరఖాస్తు రాసిపెట్టాను. ఒకటిన్నర పేజీ, తప్పుల్లేని తెలుగు. మీ ఊళ్లో ఇవ్వాలనుకునేవాళ్లు దాన్నే నకలు తీసుకోండి. వర్నిలో ఉన్నవాళ్ల ఇళ్లకు ఆదివారం సంతకాల కోసం వస్తాను. టీ పెట్టి ఉంచండి. అడ్రసు చెప్పనక్కర్లేదు, మీ ఇళ్లన్నీ నాకు తెలుసు.