గాలికీ కిరాయే!

మా వీధి చివర ఫొటో స్టూడియో నడిపే కుర్రాడు ఈ వారం నాకో బిల్లు తెచ్చి చూపించాడు. జపాన్‌లో ఎవరో అమ్మకానికి పెట్టిన పాత కెమెరా లెన్సు తెప్పించుకున్నాడు. లెన్సు మన డబ్బుల్లో 6 వేలు, కొరియర్ 3 వేలు. అంతవరకూ తెలిసే కొన్నాడు. తెలియనిదంతా గుమ్మం ముందు బయటపడింది. కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ. ఆ సుంకాన్ని మీ తరఫున మేం ముందుగా కట్టాం కాబట్టి దానికో ఫీజు. కాగితాలు చూసినందుకు క్లియరెన్స్ చార్జీ. ఈ ఫీజుల మీద మళ్ళీ జీఎస్టీ. డెలివరీకి వచ్చినవాడు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపించి నిలబడ్డాడట. కడితే డబ్బా, లేకపోతే వెనక్కి. "ఇంత అవుతుందని ముందే చెబితే కొనేవాణ్ణే కాదు సార్" అన్నాడు కుర్రాడు.

నన్ను మండించింది ఆ చివరి మాటే. దేశమన్నాక సుంకాలుంటాయి, కట్టక తప్పదు. కానీ కిళ్ళీకొట్టువాడు కూడా సిగరెట్ ఇచ్చే ముందు ధర చెబుతాడు. విమానాలూ గోదాములూ కంప్యూటర్లూ ఉన్న కంపెనీ మాత్రం సరుకు మన ఊరు చేరాక, కాదనలేని స్థితిలో మనల్ని నిలబెట్టి, అప్పుడు ధర చెబుతుంది.

ఆ బిల్లును నేను కాస్త తీరిగ్గా చూశాను. లెన్సు ధర 6 వేలకు కొరియర్ చార్జీ 3 వేలు కలిపి, 9 వేల మీద సుంకం లెక్కగట్టారు. వస్తువు ధరతో పాటు రవాణా, బీమా ఖర్చుల మీద కూడా మన దేశంలో సుంకం వేస్తారన్నది నిజమే. అయితే విమానంలో వచ్చిన సరుకుకు ఓ ఊరట ఉంది. 2007 నాటి కస్టమ్స్ విలువ నిర్ధారణ నిబంధనల్లో పదో నిబంధన చూడండి. రవాణా ఖర్చు ఎంతైనా సరే, సుంకం లెక్కకు తీసుకునేది వస్తువు ధరలో 20 శాతానికి మించకూడదు. అంటే 3 వేల కొరియర్‌లో లెక్కకు వచ్చేది 1,200 మాత్రమే. సుంకం వేయాల్సింది 9 వేల మీద కాదు, 7,200 మీద. బీమా పేరిట కలిసే చిల్లర వేరు.

వ్యక్తిగత వాడకానికి తెప్పించుకునే వస్తువుల మీద మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్టు 2026 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ ప్రకటించారు. ఆ 10 శాతం, ఆపైన 18 శాతం జీఎస్టీ వేసుకుంటే 7,200కి సుమారు 2,150 రూపాయలు అవుతుంది. 9 వేలకైతే 2,680 దాటుతుంది. అయిదొందల పైచిలుకు తేడా. ఒక్క కుర్రాడికి అయిదొందలంటే పెద్ద విషయం కాదనుకుందాం. ఇలాంటి డబ్బాలు రోజుకెన్ని దిగుతాయో, ఎంతమంది పదో నిబంధన చదివి ఉంటారో మీరే ఊహించుకోండి. బడ్జెట్‌లో ఒక చేత్తో తగ్గించినది గుమ్మం దగ్గర ఇంకో చెయ్యి పట్టుకుపోతుంటే ఆ తగ్గింపు ఎవరికి దక్కినట్టు?

ఇక ఖర్చు తగ్గించుకోవడానికి మనవాళ్ళ సలహాలు వినాలి. మొదటిది, "గిఫ్ట్ అని రాయించెయ్." ఈ సలహా ఇచ్చేవాళ్ళు 2019 డిసెంబరుకు ముందే ఆగిపోయారు. అప్పటిదాకా విదేశాల నుంచి 5 వేల రూపాయల లోపు కానుకలకు సుంకం ఉండేది కాదు. చైనా నుంచి వచ్చే ప్రతి చొక్కా, ప్రతి ఇయర్‌ఫోనూ 'కానుక' అవతారమెత్తడంతో ప్రభుత్వం ఆ తలుపు మూసేసింది. ప్రాణరక్షక మందులకూ రాఖీలకూ మాత్రం మినహాయింపు మిగిల్చింది. రాఖీకే సుమా! రాఖీతో పాటు చెల్లెలు పెట్టిన చాక్లెట్ డబ్బాకు సుంకం కట్టాల్సిందే.

రెండో సలహా, "విలువ తక్కువ వేయించు." వంద డాలర్ల వస్తువుకు పది డాలర్లని రాయించడం. ఇది పొదుపు కాదు, దొంగ లెక్క. పట్టుబడితే సరుకు జప్తు, పైన జరిమానా. పట్టుబడకపోయినా, డబ్బా దారిలో పోతే చేతికొచ్చేది ఆ పది డాలర్లే, రాసి సంతకం పెట్టింది అంతే కాబట్టి. ఇంకో సంగతి ఎవరూ ఆలోచించరు. పెట్టె విప్పి చూసిన అధికారికి అనుమానం వస్తే మీ కాగితాన్ని పక్కన పెట్టి తనే ఓ విలువ కడతాడు. అది అసలు ధర కంటే ఎక్కువైనా వాదించే నోరు మీకుండదు.

నిజమైన పొదుపు వేరే చోట ఉంది. అది డబ్బా కొలతల్లో ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది కొరియర్ వాళ్ళ 'కొలత బరువు'. అసలు బరువు, ఈ బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. డాలస్‌లో ఉన్న కొడుక్కి ఒక తల్లి జంతికలూ చేగోడీలూ పంపుతుందనుకోండి. సరుకు నాలుగు కిలోలు. విరిగిపోతాయని కొరియర్ షాపువాడు 40, 40, 30 సెంటీమీటర్ల అట్టపెట్టె తీసి, చుట్టూ పాత పేపర్లు కూరి, టేపు చుట్టేస్తాడు. లెక్క వేస్తే 9.6 కిలోలు. అయిదున్నర కిలోలకు పైగా ఆవిడ కట్టింది గాలికి కిరాయి. అవే చేగోడీలు 40, 30, 20 పెట్టెలో సర్దితే 4.8 కిలోలు. సగానికి సగం. కాస్త విరిగితే విరుగుతాయి, పెద్ద పెట్టెలో మాత్రం విరక్కుండా చేరతాయా ఏం? ఆవకాయ పంపేవాళ్ళకు ఈ బెడద లేదు. నూనె, ఉప్పు, ముక్కల అసలు బరువే ఎక్కువ కాబట్టి అక్కడ కొలత బరువు ఓడిపోతుంది. 'ప్యాకింగ్ ఉచితం' అని అమీర్‌పేట నుంచి బెంజ్ సర్కిల్ దాకా బోర్డులు కనిపిస్తాయి. ఉచితంగా ఇచ్చే పెట్టె ఎంత పెద్దదో టేపు వేయకముందే చూసుకోండి.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2016 నుంచి అక్కడ 800 డాలర్ల లోపు పార్సెల్‌కు సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29న ట్రంప్ సర్కారు ఆ వెసులుబాటు అన్ని దేశాలకూ తీసేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలన్నది తేలక మన తపాలా శాఖ దానికి నాలుగు రోజుల ముందే, ఆగస్టు 25 నుంచి, అమెరికా బుకింగులు చాలావరకు ఆపేసింది. దసరా వెళ్ళిపోయాక, అక్టోబరు 15న మళ్ళీ మొదలుపెట్టింది. ఆ ఏడాది పోస్టులో అరిసెలు పంపుదామనుకున్నవాళ్ళ పండగ అలా గడిచింది. అయితే మళ్ళీ మొదలుపెట్టినప్పుడు తపాలా శాఖ ఓ మంచి పని చేసింది. అమెరికా సుంకాన్ని ఇక్కడి కౌంటర్‌లోనే, బుక్ చేసేటప్పుడే కట్టించుకుంటోంది. అక్కడ అందుకునేవాడికి గుమ్మం దగ్గర కొత్త బిల్లు ఉండదు. నేను అడిగేది సరిగ్గా ఇదే. ప్రభుత్వ పోస్టాఫీసు గుమాస్తా చెప్పగలిగిన లెక్క ప్రైవేటు కొరియర్ కంపెనీ ఎందుకు చెప్పలేదు?

అమెరికా ఆహార నిబంధనల్లో మన అమ్మలకు పనికొచ్చే మాట ఒకటుంది. ఆ దేశంలోకి వచ్చే ఆహారం గురించి ముందుగా అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు తెలియజేయాలన్నది నియమం. కానీ ఒక వ్యక్తి తన ఇంట్లో తయారుచేసి, తనే, వ్యాపారం కోసం కాకుండా కానుకగా మరో వ్యక్తికి పంపే పదార్థానికి ఆ ముందస్తు నోటీసు అక్కర్లేదు. అమ్మ పెట్టిన ఆవకాయకు ఉన్న ఈ మినహాయింపు షాపులో కొన్న ఆవకాయకు లేదు. కొన్న పచ్చడి మీద 'హోమ్ మేడ్' అని రాసి పంపే షాపులూ, చికెన్ పచ్చడి మీద మామిడికాయ పచ్చడని రాసే షాపులూ ఉన్నాయి. మాంసం పచ్చడి అక్కడ దొరికితే చెత్తబుట్ట పాలే.

కొరియర్ బాధ పడలేక మనం కనిపెట్టిన దారి సూట్‌కేసు. "అక్కడి నుంచి ఎవరైనా వస్తున్నారా?" అన్న ప్రశ్న తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వినపడని వారం ఉండదు. పాపం, తండ్రి సంవత్సరీకానికి వస్తున్నవాడి సూట్‌కేసులో కూడా విటమిన్ డబ్బాలూ, ఎవరో బావమరిది బూట్లూ దూరతాయి. తెచ్చుకోవడంలో తప్పులేదు. 2026లో వచ్చిన కొత్త బ్యాగేజి నిబంధనలతో సుంకం లేకుండా తెచ్చుకునే వస్తువుల పరిమితి 50 వేల నుంచి 75 వేల రూపాయలకు పెరిగింది. కానీ సీలు వేసిన డబ్బాలో ఏముందో తెలియకుండా ఊరివాళ్ళ సామాను మోసేవాడు, గ్రీన్ చానెల్లో ఆపి అడిగితే 'నాది కాదు' అని చెప్పి బయటపడలేడు. ఎవరి పెట్టెలో ఉంటే వాళ్ళదే బాధ్యత.

ఈ గందరగోళం మీద బతుకుతున్నవాళ్ళు ఇంకొకరున్నారు. "మీ పార్సెల్ కస్టమ్స్‌లో ఆగింది" అని ఫోన్ చేసే మోసగాళ్ళు. రిటైరైన మాస్టార్లు, డాక్టర్లు కూడా లక్షలు పోగొట్టుకుంటున్నారు. చదువుకున్నవాళ్ళు ఎలా పడతారని వెటకారం చేయడం సులువు. అసలు బిల్లూ ఇలాగే చెప్పాపెట్టకుండా, ఫోన్‌లోనే, లింకుతో పాటు వస్తుంటే దొంగ బిల్లును గుర్తుపట్టడం ఎలా? కస్టమ్స్ శాఖ పంపే ప్రతి ఉత్తరం మీదా 2019 డిసెంబరు నుంచి డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. ఆ శాఖ వెబ్‌సైట్‌లో వేసి సరిచూసుకోవచ్చు. ఎంతమందికి తెలుసు?

నా సొంత గోడు చెప్పకుండా ఈ శీర్షిక ముగించలేను. పుస్తకాలు.

1962 నుంచి అమెరికా, మనకు అమ్మిన గోధుమల బాకీ రూపాయలతో, మన భాషల పుస్తకాలు కొని తన విశ్వవిద్యాలయాలకు చేర్చింది. పీఎల్ 480 అనే ఆ అమెరికా చట్టం పేరు వింటే గోధుమలు గుర్తొచ్చే తరానికి ఆ చట్టం కిందే తెలుగు నవలలూ కవితా సంపుటాలూ సముద్రం దాటిన సంగతి అంతగా గుర్తుండదు. ఇక్కడ అచ్చులో లేనివి, మన గ్రంథాలయాల్లో చెదలు తిన్నవి అక్కడి అరల్లో పదిలంగా ఉన్నాయి. చోటు చాలక ఆ విశ్వవిద్యాలయాలు తీసేసిన కాపీలు పాత పుస్తకాల వ్యాపారుల దగ్గర అప్పుడప్పుడు కనిపిస్తాయి, అయిదారు డాలర్లకే. కొనాలనిపిస్తుంది. రవాణా చార్జీ చూశాక చెయ్యి వెనక్కి వస్తుంది. ఒకప్పుడు ఓడ తపాలా ఉండేది. రెండు మూడు నెలలు పట్టినా పుస్తకం చవగ్గా ఇల్లు చేరేది. పుస్తకానికి తొందరేముంది? అమెరికా తపాలా సంస్థ 2007లో విదేశాలకు ఆ ఓడ తపాలా ఆపేసింది. ఇప్పుడు యాభై ఏళ్ళ నాటి నవల కూడా అర్జంటు కాగితంలా విమానమెక్కి రావాల్సిందే.

మనం తక్కువ తినలేదు. అంతవరకూ సుంకమే లేని విదేశీ పుస్తకాల మీద 2019 జులై బడ్జెట్‌లో 5 శాతం వేశారు. ఖజానాకు దానివల్ల ఒరిగేదెంతో గానీ, తెప్పించుకునేవాడికి ఆ 5 శాతం కంటే దాన్ని కట్టిపెట్టినందుకు కొరియర్ తీసుకునే ఫీజే ఎక్కువ. దేశం లోపలా అంతే. చిన్న ప్రచురణకర్తలకు ఊపిరిగా ఉన్న రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో చెప్పాపెట్టకుండా తీసేశారు. గొడవ జరిగాక, 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అంటూ ఒకటి పెట్టారు. 300 గ్రాములకు 20 రూపాయలు, అయిదు కిలోలకు 100, పన్ను అదనం. ధర బాగానే ఉంది. కానీ ఏది పుస్తకం, ఏది కాదు అన్న షరతుల మధ్య చిన్న పత్రికలు బయటే నిలబడ్డాయి.

ఆర్థిక మంత్రికి నా విన్నపం రెండు ముక్కలు. పుస్తకాల మీద ఆ 5 శాతం ఎత్తేయండి. కొరియర్ కంపెనీ డబ్బు తీసుకునేటప్పుడే సుంకం, ఫీజులతో సహా మొత్తం ధర చెప్పి తీరాలని నిబంధన పెట్టండి. అది వచ్చేలోపు, పాఠకులారా, విదేశీ డబ్బా గుమ్మంలోకి వచ్చినప్పుడు బిల్లుతో పాటు కస్టమ్స్‌కు దాఖలు చేసిన ఎంట్రీ కాపీ కూడా అడిగి తీసుకోండి. రవాణా ఖర్చు 20 శాతం మించి లెక్కగట్టి ఉంటే కొరియర్ కంపెనీకి రాతపూర్వకంగా రాయండి. జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఉంది, అందులో పెట్టండి. అక్కడ ఫీజు ఏమీ లేదు.