మందు ఒక్కటే చాలదు

లింఫ్ గ్రంథుల క్యాన్సర్లలో వేగంగా ముదిరే బీ కణాల లింఫోమాకు సరైన మందు లేని రోజులు గడిచిపోయాయి. 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్‌ను కీమోథెరపీకి జోడిస్తే వృద్ధులు సైతం ఎక్కువ కాలం జీవిస్తారని 2002లో వెలువడిన పరిశోధన నిరూపించింది. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఆ కోవ మందును తక్కువ ధరకు విడుదల చేసింది. అంతమాత్రాన సమస్య తీరిందనుకోవడం పొరపాటు. వ్యాధి ఎంతవరకు పాకిందో తేల్చే పరీక్షలు కూడా పేదలకు అందాలి.

ఈ వ్యాధి ప్రధాన రూపంలో నూటికి సుమారు 10 నుంచి 20 మందికి ఎముక మూలుగలోకి పాకుతుంది. అప్పుడది నాలుగో దశ. మూలుగలో పెద్ద కణాలు కనిపిస్తే ముప్పు అధికం. వ్యాధి మెదడుకు పాకే ప్రమాదంపైనా వైద్యులు కన్ను వేసి ఉంచాలి. చిన్న కణాలే ఉంటే ముప్పు అంత తీవ్రం కాదు.

ఏ దశలోనైనా వాడే మందులు దాదాపు అవే కదా అని కొందరు వాదించవచ్చు. కానీ తొలి దశలలో ఉండి, ముప్పు తక్కువగా ఉన్న 60 ఏళ్లలోపు వారికి ఆరు విడతలకు బదులు నాలుగు విడతల కీమోథెరపీ చాలునని 2019లో వెలువడిన జర్మనీ పరిశోధన తేల్చింది. దశ సరిగా తెలిస్తే రోగికి బాధ, ఖజానాకు వ్యయం రెండూ తగ్గుతాయన్నమాట.

పెట్ స్కాన్‌లో మూలుగ వ్యాధి స్పష్టంగా కనిపిస్తే సూది పరీక్ష అక్కరలేదని 2014 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ స్కాన్ ఖరీదైనది. పైగా కొద్దిపాటి వ్యాధిని అది పసిగట్టలేకపోవచ్చు. తుంటి ఎముక వెనుక భాగంలో మత్తు సూది వేసి చిన్న ముక్క తీసే పరీక్షకు భారీ యంత్రాలతో పని లేదు. శిక్షణ పొందిన వైద్యుడు, అనుభవజ్ఞుడైన పాథాలజిస్టు, తగిన ప్రయోగశాల ఉంటే చాలు.

2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు చికిత్సకు భరోసా ఇస్తోంది. అయితే ఆస్పత్రిలో చేరడానికి ముందు 3 రోజుల పరీక్షల ఖర్చునే అది భరిస్తుంది. క్యాన్సర్ నిర్ధారణకు ఆ గడువు ఏమూలకు? ఈ పరిమితిని సడలించి, జిల్లా కేంద్రాల వైద్య కళాశాలలలో మూలుగ పరీక్షకు ఏర్పాట్లు చేయడం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల తక్షణ కర్తవ్యం. మందుకు డబ్బిచ్చి పరీక్షకు ఇవ్వకపోవడం పొదుపు అనిపించుకోదు.