కంప్యూటరులో టెలివిజన్: ఏది దాచవలెను, ఏది తీసివేయవలెను?

గిలకలదిండి రేవులో బోటు కట్టువారు మొదలు గుడివాడ వైపు వరి పండించువారి వరకు, ఇంటర్నెట్టు ద్వారా టెలివిజన్ కార్యక్రమములు చూచువారు నేడు ఊరూరా ఉన్నారు. ఫోనులో చూచువారే ఎక్కువ. ఐతే పిల్లల చదువు కొరకు కంప్యూటరు కొన్న ఇండ్లును, కంప్యూటరు అందుబాటులోనున్న రైతు సేవా కేంద్రములును ఉన్నవి. నేను వ్రాయునది ఆ కంప్యూటరును గురించి. చూచుట మీద ఉన్న శ్రద్ధ, చూచినదానిని అమర్చుకొనుట మీద మనకు లేదని నా అభిప్రాయము.

ఒకప్పటి బాధ వేరు. 1967 జనవరి 26న ఢిల్లీలో 'కృషి దర్శన్' మొదలైనది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు కార్యక్రమములు పంపిరి; అందు తెలుగు గ్రామములును గలవు. ఊరికంతకు ఒకే పెట్టె, ఒకే వేళ. ఆ వేళకు పొలములో నీరు కట్టుచున్నవానికి ఆనాటి పాఠము పోయినట్లే. కాని ఒక మేలు ఉండెను: పెట్టెలో వచ్చిన మాట ఆ కాలపు మాటే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ వంటి పథకములతో ఇంటర్నెట్టు, టెలివిజన్, టెలిఫోను ఒకే తీగ మీద ఇంటికి వచ్చినవి. ఇప్పుడు కార్యక్రమము మనకు తీరిక అయిన వేళకే వచ్చును. తాను ఏనాటిదో మాత్రము చెప్పదు.

ఒక ఉదాహరణ చూడుడు. వరిలో ఉల్లికోడు అని మీరు వెదకినచో, పది పన్నెండు సంవత్సరముల క్రిందటి వీడియో ముందుగా రావచ్చును. నారుమడిలో ఫోరేట్ గుళికలు చల్లుమని అందులో ఒక అధికారి చెప్పుచుండును. ఆయన తప్పు చెప్పలేదు. ఆనాటికి అది సిఫారసే. కాని ఫోరేట్, డైక్లోర్వాస్, ఫాస్ఫామిడాన్, ట్రైజోఫాస్ మందులు 2020 డిసెంబరు 31 నుండి దేశమంతట నిషేధింపబడినవి. ఆ సంగతి వీడియోకు తెలియదు. పైగా ఎక్కువమంది చూచినదానిని పైకి తెచ్చుట ఈ యంత్రముల అలవాటు. ఎన్నో ఏండ్లుగా ఉన్నదానిని చూచినవారే ఎక్కువమంది ఉందురు గదా!

తుపాను సంగతి ఇంకను కష్టము. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినపుడు మన జిల్లాలో కోసిన పనలు నీట నానినవి. అట్టి తుపాను బొమ్మలు తరువాతి వాయుగుండము వార్త రాగానే కొత్తవాని వలె మరల చేతులు మారవచ్చును. వానిని నమ్మి పచ్చి చేను కోసినవాడు నష్టపోవును. ఒకమారు మోసపోయినవాడు తరువాత నిజమైన హెచ్చరికను కూడ నమ్మడు. ఇదే నాకు ఎక్కువ భయము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎరిగిన దివిసీమవారికి హెచ్చరిక విలువ నేను చెప్పనక్కరలేదు.

పాలు, విత్తనము, ఉప్పు మనము ఒకే కుండలో పోయము. కార్యక్రమములును అంతే. వాతావరణము, సముద్రము మాటలు పాల వంటివి. వానిని దాచనే రాదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరకు తావులను దూరము, దిక్కు, లోతులతో తెలుపుచున్నది. సముద్రము మీద మబ్బు కమ్మినపుడును, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధ కాలములోను ఆ సూచన ఉండదు. పాత సూచన పట్టుకొని పోయినవానికి మిగులునది డీజిలు ఖర్చే. కనుక కంప్యూటరులో ఆ సంస్థ చిరునామాను, వాతావరణ శాఖ చిరునామాను మాత్రమే ఉంచుకొని, ప్రతిదినము అక్కడికే పోయి చూడుడు.

పురుగుమందులు, రకములు, రాయితీలు విత్తనము వంటివి, ఒక పంటకాలమునకు పనికివచ్చును. వీనికి సార్వా అనియో దాళ్వా అనియో పేరుపెట్టి, పక్కన సంవత్సరము వేసి వేరు సంచి చేయుడు. ఉప్పునీటిలో తాలు విత్తనము తేల్చి తీయుట, వల అల్లుట, ఇంజను విప్పి బిగించుట వంటి పనులు ఎన్నాళ్లైనను చెడవు.

దీనికి సాధనములు ఉచితముగనే ఉన్నవి. వి.ఎల్.సి. అనునది పారిస్ దగ్గరి ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు 1996లో ఆరంభించినది. 2001 నుండి అందరికీ స్వేచ్ఛగా లభించుచున్నది. అందులో కార్యక్రమములను వరుసగా పట్టీ కట్టి దాచవచ్చును, మాట వేగము తగ్గించి వినవచ్చును. రెండవది కోడి. పేరు మన పెరటి కోడి వలెనే పలుకుదురు గాని, ఇది గ్రుడ్డు పెట్టదు! అనగా తాను ఏ కార్యక్రమమును ఇయ్యదు. మనము ఇచ్చినవానిని, ఛానళ్ల పట్టీని, వేళల పట్టికను ఒకచోట చక్కగా చూపును. డబ్బు కట్టవలసిన ఛానళ్లన్నియు ఉచితమని ఎవరైన ఒక పట్టీ ఇచ్చినచో పుచ్చుకొనకుడు. అది దొంగసొత్తు, నాలుగు వారములైనను నిలుచునన్న నమ్మకము లేదు. మిరో అని మరియొక సాఫ్ట్‌వేరు ఉండెడిది. కొత్త భాగము రాగానే తానే దింపి దాచెడిది. మంచి పనిముట్టు, కాని దాని తయారీ ఆగిపోయినది. అందుచేత సంచుల పేర్లు, సంవత్సరములు మీ చేతితో పెట్టుకొనుడు; సాఫ్ట్‌వేరు మారినను అవి ఉండును.

యూట్యూబ్‌లో వీడియో క్రింద కనబడు తేదీ దానిని అక్కడ పెట్టిన తేదీయే గాని, తీసిన తేదీ కాదు. పాతదానిని వేరొకరు మరల పెట్టవచ్చును. కావున విశ్వవిద్యాలయము, ప్రభుత్వ శాఖల సొంత ఛానళ్లకే చందాదారులు కండు. వీడియోలు తీయువారికి, మా శాఖవారితో సహా, నా మనవి ఒకటి కలదు: మొదటి వాక్యములోనే నెల, సంవత్సరము నోటితో చెప్పవలెను.

వెదకిన దొరకునప్పుడు ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగుదురు. దోమపోటు పడిన సాయంకాలము వెదకుచు కూర్చున్నవానికి తేదీ చూచు ఓపిక ఉండదు. ఆ పని నారుమడికి ముందే జరగవలెను. గ్రామ వ్యవసాయ సహాయకులు సార్వాకు ముందు ఒక పూట, దాళ్వాకు ముందు ఒక పూట కేటాయించి పాత సంచిని విప్పి చూచి, చెల్లనివానిని తీసివేయుదురు గాక. తీసివేసిన వీడియోల పేర్లు, కారణముతో సహా, కేంద్రము గోడమీద అంటించినచో, ఫోనులో అవే చూచుచున్న రైతులకును తెలియును.