పక్కవాద్యానికి గీతలు చాలు
రామప్ప శిల్పాలూ, జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన ‘నృత్తరత్నావళి’ ఆధారంగానే నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. రాత విలువ ఓరుగల్లుకు ఒకరు చెప్పాలా? అయినా ఇక్కడ పేరిణికి గిటారు, కీబోర్డు జతచేసేవాళ్లకు నా మనవి: ప్రతి స్వరమూ రాసి పక్కవాద్యగాళ్ల చేతులు కట్టేయకండి. ఉచితంగా దొరికే స్వరలిపి సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో స్వరాల బదులు పెట్టే ఏటవాలు గీతలున్నాయి. కాడలేని గీతంటే తాళం తప్పకుండా వాయించేవాళ్ల ఇష్టం. కాడ ఉంటే రాసిన లయే వాయించాలి. ఆదితాళంలో ఆవర్తనానికి 8 అక్షరాలు. నడకంతా కాడలేని గీతలకే వదిలేయండి. మూడుసార్లు తిరిగే ముక్తాయింపుకు మాత్రం కాడలు పెట్టి, పైన ‘తదిగిణతోం’ అని జతి కూడా రాయండి. అక్కడ నర్తకుడి పాదం, మృదంగం, గిటారు ఒక్క దెబ్బగా పడి తీరాలి.