మీ నాన్నగారు నిజంగా తియ్యలేదా?

పోయిన వారం విద్యార్థుల మీటింగులో ఒక తమ్ముడు లేచి అడిగాడు: "అన్నా, థెరపీ అనేది డబ్బున్నోళ్ల వ్యవహారం కదా? మనకు ఉద్యమమే మందు కదా?" చాలా ఏళ్లు నేనూ అదే మాట చెప్పాను. ఇప్పుడు చెప్పలేకపోతున్నాను.

1990ల్లో మా నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలు లేచాయి. కూలికి పోయేవాళ్లు కాపలాదార్లయ్యారు. మా నాయన అట్లా ఒక గుంటకు కాపలా. నాకు 9 ఏళ్లప్పుడు అక్కడ మోటారు పోయింది. నాయనను షెడ్డు స్తంభానికి కట్టేసి తెల్లార్లూ కొట్టారు. నాలుగో రోజు మోటారు ఆసామి బామ్మర్ది ఇంట్లోనే దొరికింది. ఎవరూ ఏమీ అనలేదు. నాయన మళ్లీ అదే గుంటకు పనికి పోయాడు. వేరే పని యాడుంది?

నేను పీహెచ్‌డీ చేశాను, పాఠాలు చెబుతున్నాను. స్టాఫ్‌రూములో ఎవరిదన్నా పెన్ను కనపడలేదంటే చాలు, నా చేతులు చల్లబడతాయి. నా జేబులు నేనే తడుముకుంటాను.

రెండేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒక కౌన్సెలర్‌ని పట్టుకున్నాను. మా ఇంట్లో గోడ అవతల మాట ఇవతలికి వినపడుద్ది. అందుకని మైపాడు బీచ్‌కి పోయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాణ్ని. గాలి హోరులో అంతా చెప్పాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "మీ నాన్నగారు నిజంగా తియ్యలేదా?" కులం పేరెత్తితే "ఇప్పుడు అవన్నీ ఎవరు చూస్తున్నారండీ, క్షమించేసి ముందుకెళ్లండి" అంది. గంటకింత అని డబ్బు కట్టి మరీ ఆ షెడ్డులో నిలబడ్డట్టయింది.

అమెరికా మనోవైద్యుల పుస్తకంలో పీటీఎస్‌డీ అనే పేరు 1980లో చేరింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, వాళ్ల పక్షాన నిలబడ్డ డాక్టర్లు కొట్లాడితే చేరింది. ఉద్యమమా, వైద్యమా అని అడిగిన తమ్ముడికి నా జవాబు అక్కడుంది. ఈరోజుకీ ఆ నిర్వచనం చావు, తీవ్ర గాయం, లైంగిక హింస దగ్గరే ఆగుతుంది. కట్టేసి కొడితే లెక్కలోకి రావచ్చు. రోజూ గ్లాసు వేరుగా పెడితే రాదు. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం, 18వ సెక్షన్, కులవివక్ష లేకుండా వైద్యం అందాలంటుంది. తలుపు తెరిచారు సరే, లోపల కూర్చున్నవాళ్లకు కులం గురించి ఏం నేర్పారు?

మనమేం తక్కువ కాదు. 2016 జనవరి 17న రోహిత్ పోయాక ఎన్ని సభలు పెట్టుకున్నాం! నేనే ఎన్నిట్లో మాట్లాడానో. ఒక్క సభ అయ్యాక కూడా పక్కవాణ్ని "నిద్ర పడతా ఉందా నీకు?" అని అడగలేదు.

రెండోసారి వెతికినప్పుడు డబ్బు కట్టకముందే అడిగాను: కులం గురించి మాట్లాడాలి, వింటారా? ఇద్దరు మాట దాటేశారు. మూడో ఆమె విన్నది. "ఆ రాత్రి మీ అమ్మ ఎక్కడుంది?" అని అడిగింది. ఇన్నేళ్లలో అది అడిగినవాళ్లు లేరు. నయమైందా అంటే, లేదు. జేబులు తడుముకోవడం తగ్గింది.

డబ్బు లేనోళ్లు 14416కి చెయ్యండి. టెలిమానస్. 2022 అక్టోబర్ నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరు ఎత్తుతారో మన చేతిలో లేదు. మాట తేడాగా ఉంటే పెట్టేసి ఇంకోసారి చెయ్యండి.

హాస్టల్లో మాట్లాడే చోటు యాడుంది అంటారా? మా డిపార్ట్‌మెంటు గది గురువారం సాయంత్రం 4 తర్వాత ఖాళీ. తాళం నా దగ్గరే ఉంటుంది. నేను బయట వరండాలో పేపర్లు దిద్దుకుంటుంటాను.