ముందు ఊరి లెక్క రాయండి, తర్వాత ఓటు అడగండి

పల్నాడు జిల్లా డిగ్రీ విద్యార్థులకు, అధ్యాపకులకు, గ్రామస్తులకు విజ్ఞప్తి

ఏ ఇల్లు ఏ పార్టీదో మన ఊళ్లలో బడికెళ్లే పిల్లాడు కూడా చెబుతాడు. అదే ఊళ్లో కౌలుకు చేసేవాళ్లు ఎంతమంది, ఎకరా మిరపకు కౌలెంత నడుస్తోంది, పంట అమ్మాక కూడా పురుగుమందుల కొట్టులో తీరని బాకీ ఎంత అని అడగండి. సర్పంచి తెల్లమొహం వేస్తాడు. ఎమ్మెల్యేని అడిగే సందర్భమే రాదు. 2024 మే 13 పోలింగుతో పల్నాడు పేరు దేశమంతా మోగింది. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టరును బదిలీ చేసింది. అంత గొడవలోనూ చివరి ఆయకట్టుకు నీళ్లెందుకు రావడం లేదన్న మాట మీద ఎవరూ చొక్కా పట్టుకోలేదు.

మేము కోరేది ఒక్కటే. మన డిగ్రీ కాలేజీల విద్యార్థులు ఊరూరా ఇంటింటి ఆర్థిక సర్వే చేయాలి. ఆ లెక్కను గ్రామసభలో చదవాలి. ఓటు కోసం వచ్చే ప్రతి అభ్యర్థీ ఆ లెక్క ముందు నిలబడి జవాబు చెప్పాలి.

ఇది గాలిలోంచి పుట్టిన ఆలోచన కాదు. మన పాత గుంటూరు జిల్లావాడే, పొన్నూరు పక్క నిడుబ్రోలులో 1900లో పుట్టిన గోగినేని రంగనాయకులు, ఆచార్య రంగా, ఈ దారినే రాజకీయాల్లోకి వచ్చారు. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివారు. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠం చెప్పారు. అక్కడితో ఆగితే ఇవాళ ఆయన పేరు ఎవరికీ పట్టేది కాదు. డెల్టా పల్లెల్లో రైతుకు రాబడి ఎంత, కూలికి గిట్టేదెంత, అప్పు ఎక్కడ పుడుతోంది అని వివరాలు రాబట్టి, భారత గ్రామాల ఆర్థిక వ్యవస్థపై ఇంగ్లీషులో రెండు సంపుటాలు ప్రచురించారు. మొదటిది 1926లో, రెండోది 1929లో వచ్చాయి. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టేనాటికి రైతు గురించి ఆయన దగ్గర ఉన్నది జాలి మాత్రమే కాదు, లెక్క కూడా. 1930లలో నిడుబ్రోలులోనే రైతాంగ విద్యాలయం పెట్టి పల్లె కార్యకర్తలకు పాఠాలు చెప్పారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టుకలో ముందు వరసలో నిలిచారు. 1959లో సహకార వ్యవసాయం మాట మీద నెహ్రూతో తెగతెంపులు చేసుకుని స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. 1962లో తెనాలిలో ఓడారు, చిత్తూరు ఉపఎన్నికలో గెలిచారు. ముసలితనంలో గుంటూరు నుంచి వరసగా మూడుసార్లు, 1980, 1984, 1989లో, లోక్‌సభకు వెళ్లారు.

ఆయన తీర్మానాలన్నీ మాకు సమ్మతం కావు. రైతు అనగానే ఆయన కళ్లకు ముందు భూమి ఉన్నవాడే కనిపించాడని మా అభిప్రాయం. కూలివాడు వెనక వరసలో మిగిలిపోయాడు. ఆ వెలితిని ఎత్తిచూపాలన్నా మళ్లీ లెక్కే కావాలి. ఆయనకు పూర్తిగా ఎదురు గట్టున నిలిచిన కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో కుటుంబాల సర్వే చేయించి భూమి ఎవరి చేతిలో ఉందో రాశారు. అదే ఊరిని 2005-06లో వేరే పరిశోధకులు మళ్లీ సర్వే చేశారు కాబట్టి, మూడు దశాబ్దాల్లో ఏం మారిందో ఇప్పుడు పోల్చి చూడొచ్చు. రంగా, సుందరయ్య ఏ విషయంలోనూ కలవరు, ఈ ఒక్క పనిలో తప్ప.

చదువుకున్నవాళ్లు రాజకీయాల్లోకి వస్తే సరిపోదు, ఊరికి జవాబు చెప్పాలి. చైనాలోనూ ప్రొఫెసర్లు రాజకీయాల్లో పైకొచ్చారు. షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయంలో రాజనీతి పాఠాలు చెప్పిన వాంగ్ హునింగ్ 1995లో పార్టీ కేంద్ర విధాన పరిశోధనా కార్యాలయానికి వెళ్లి, 2017లో పొలిట్‌బ్యూరో స్థాయీ సంఘం దాకా ఎదిగారు. ఆయన్ని ఎంచుకున్నది పార్టీ. ఊరివాళ్ల ముందు నిలబడి ఓటు అడగాల్సిన అవసరం ఆయనకు పడలేదు. రంగా తెనాలిలో ఓడిపోగలిగారు. మాకు రంగాలా ఓటు అడిగే చదువరులే కావాలి.

డెల్టాలో జరిగిన ఈ లెక్కల పని పల్నాడులో ఎందుకు జరగకూడదు? మన సమస్యలు వేరు. సాగర్ కుడి కాలువ కింద ఒక ఊరు తడిస్తే, వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్ట వరికపూడిశెల ఎత్తిపోతల నీళ్ల కోసం తరాలుగా చూస్తోంది. ఆ ఎత్తిపోతలకు 2023 నవంబరులో కూడా శంకుస్థాపన జరిగింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో, నాపరాయి క్వారీల్లో పనిచేసేవాళ్ల దగ్గు ఏ ఆసుపత్రి లెక్కలోకి వస్తోంది? కర్నూలు వైపు నుంచి మిరపకోతకు వచ్చే కుటుంబాల పిల్లలు ఆ నెలల్లో ఏ బడిలో కూర్చుంటున్నారు? 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. సంతకం దొరకని కౌలురైతులు మీ ఊళ్లో ఎంతమంది?

ఈ పనికి కొత్త జీవో అక్కర్లేదు, నిధులూ పెద్దగా అక్కర్లేదు. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద 180 గంటలు పనిచేయాలన్న నియమం ఇప్పటికే ఉంది. అందులో గ్రామ సామాజిక, ఆర్థిక సర్వే కూడా భాగమే. జరుగుతున్నదేమిటో విద్యార్థులకే బాగా తెలుసు: నిరుటి రిపోర్టుకు కొత్త అట్ట, మార్కులు, బీరువా. నరసరావుపేట ఎస్.ఎస్.ఎన్. కళాశాల, మాచర్ల ప్రభుత్వ డిగ్రీ కళాశాల మొదలుపెడితే మిగతావి వెంట నడుస్తాయి. నాగార్జున విశ్వవిద్యాలయం అర్థశాస్త్ర విభాగం ఒకే ప్రశ్నావళి తయారుచేసి ఇస్తే, 28 మండలాల లెక్కలను పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఏ విద్యార్థినీ సొంత ఊరికి పంపొద్దు. మన దగ్గర ఇంటిపేరు వినగానే పార్టీ అంటగడతారు, ఎదుటి వర్గం తలుపు తీయదు. పక్క మండలం పిల్లలు ఇద్దరిద్దరుగా, అధ్యాపకుడి వెంట వెళ్లాలి. రాసుకున్న కాగితంలో ఇంటివాళ్ల పేరు ఉండకూడదు. గ్రామసభలో చదివేది ఊరి మొత్తం లెక్క మాత్రమే. ఎవరి అప్పు ఎంతో పదిమందిలో బయటపడితే మర్నాటి నుంచి ఎవరూ నోరు విప్పరు.

పార్టీవాళ్లు వచ్చి ఫలానా ఊరు వదిలేయమంటారు, ఫలానా ప్రశ్న తీసేయమంటారు. అధ్యాపకులు ఒప్పుకోవద్దు. ఏ ప్రశ్న తీసేయమన్నారో దాన్నే గ్రామసభలో ముందుగా చదవండి.

ఈ వేసవి సెలవుల్లో సర్వే, అక్టోబరు 2 గ్రామసభలో లెక్క చదవడం. ఒక్కో ఊళ్లో కనీసం ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు కౌలురైతులు ఆ లెక్క తప్పో ఒప్పో చెప్పాలి. తర్వాత దాన్ని పంచాయతీ గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. ప్రచారానికి వచ్చిన ప్రతి నాయకుణ్ణీ దండ వేయకముందే ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లండి.