గణనయు, ఋజువును

మన యోషధుల పరిశోధన నేడు వనములనుండి కంప్యూటరు కడకు వచ్చినది. శరీరమునందలి రసాయనక్రియలను నడపు ఎంజైము తాళము వంటిది. దాని కుహరములో నిమిడి, దాని పనిని నిరోధింపగల ద్రవ్యమేదో కంప్యూటరు వేలకొలది మూలికాద్రవ్యములను గణించి, తారతమ్యమును బట్టి యంకెల నొసగును. చెన్నపురి గణితశాస్త్ర సంస్థవారు కూర్చిన ‘ఇంపాట్’ భాండారమున 4,010 భారతీయ ఔషధ వృక్షజాతులును, 17,967 ద్రవ్యములును జేరియున్నవి. స్వదేశ విజ్ఞానమునకై స్వదేశీయులు సల్పిన యీ కృషికి మేము మిక్కిలి సంతసించుచున్నాము.

అయినను గణన వేఱు, ఋజువు వేఱు. న్యాయస్థానమున ప్రథమదృష్ట్యా గన్పట్టు నాధారము విచారణ కర్హమగునే గాని తీర్పునకు జాలదు. కంప్యూటరు చూపు నంకెయు నట్టిదే. ఆ ద్రవ్యము ప్రేవులనుండి రక్తమున కెక్కునా, ఎక్కిన పిమ్మట నిలుచునా, కాలేయమునకు హాని సేయునా యను ప్రశ్నలకు అది యుత్తర మీయజాలదు.

పసుపు సంగతి చూడుడు. గాయములు మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై 1995లో అమెరికాలో పేటెంటు నొసగిరి. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథముల సాక్ష్యముతో నెదిర్చి, 1997లో దానిని రద్దు చేయించినది. కాని పసుపులోని కుర్కుమిన్ పరీక్షలనే తప్పుదారి పట్టించు స్వభావము గలదనియు, శరీరమున కది మిక్కిలి స్వల్పముగ నబ్బుననియు 2017లో రసాయన శాస్త్రజ్ఞులు సమీక్షించి చూపిరి. మన హక్కును గ్రంథములు నిలిపినవి. గుణమును ప్రయోగములే నిలుపవలయును.

ఇందుకు నిరాశ పడనేల? స్నోడ్రాప్ అను శీతలదేశపు పూమొక్కయందలి గాలంటమైన్, జ్ఞాపకశక్తికి సంబంధించిన యొక ఎంజైమును నిరోధించును. రోగులయందు పరీక్షింపబడిన మీదటనే యది 2001లో అమెరికాలో అల్జైమరు వ్యాధికి మందుగ నంగీకరింపబడినది. మన మూలికలకును మార్గ మదియే.

కంప్యూటరు గణించిన మాత్రమున “మధుమేహమునకు మందు దొరకినది” అని చాటిన, దానిని నమ్మి వైద్యు డిచ్చిన మందును మాను రోగి గతి యేమి? ఆ పాప మెవ్వరిది? కావున విశ్వవిద్యాలయములు గణనతో నాగక ప్రయోగశాలకు బోవలయును. ప్రభుత్వము ప్రయోగమునకు వలయు ధనమీయవలయును. అనుకూల ఫలితములతోపాటు ప్రతికూల ఫలితములను సైతము దాచక ప్రకటింపవలయును. పత్రికలును ఋజువు లేని మందును మందని వ్రాయరాదు. నిజమైన దేశాభిమానము పరీక్షకు వెఱవదు.